మత్తుమందు ప్రభావంతో పుట్టిన శిశువులు: సంరక్షణ చరిత్రలో అమెరికా అనుభవం

నల్లమందును మీరు ఇప్పటివరకు ఒక సరుకుగా చదివారు. బీహారులో గసగసాల సాగు, కలకత్తాలో వేలంపాటలు, కాంటన్ రేవు, 1842 నాటి నాన్‌కింగ్ సంధి. ఈ వరుస మీకు తెలిసినదే. ఈ పాఠంలో అదే నల్లమందును, దాని నుంచి తీసిన మార్ఫిన్‌ను, ఆ తర్వాత వచ్చిన హెరాయిన్‌ను, నొప్పి మాత్రలను పురిటి గదిలో చూద్దాం. ఓడలకూ సుంకాలకూ సంధులకూ చెందిన చరిత్రతో, పుట్టి రెండు రోజులైన బిడ్డ ఏడుపుకు ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఆ ఏడుపుకు వైద్యులు ఏ పేరు పెట్టారు, ఎవరిని తప్పు పట్టారు, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టారు అన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఈ మార్పులను పరిశీలించినప్పుడు నాకు ఒక విషయం స్పష్టంగా కనిపించింది. కొత్త మందులు వచ్చినందువల్ల మారినదానికంటే, తల్లిని ఏ దృష్టితో చూశారన్నదానినిబట్టి ఈ బిడ్డల సంరక్షణ ఎక్కువగా మారింది. పాఠమంతా ఈ వాదన చుట్టూనే నడుస్తుంది. మీరు దీన్ని ఒప్పుకోనవసరం లేదు, కాని ఆధారాలను చూసి తేల్చుకోండి.

ముందుగా కొంత వైద్య పరిజ్ఞానం అవసరం. గర్భిణి మార్ఫిన్, హెరాయిన్, మెథడోన్ వంటి మందు ఏది తీసుకున్నా అది మాయను దాటి కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఈ జాతి మందులన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. నెలల తరబడి ఇలా అందుతూ ఉంటే బిడ్డ శరీరం వాటికి అలవాటు పడుతుంది. కాన్పు కాగానే బొడ్డుతాడు కోస్తారు. దానితో మందు సరఫరా కూడా ఆగిపోతుంది. అలవాటైన మందు హఠాత్తుగా ఆగినప్పుడు శరీరం పడే బాధలను విరమణ లక్షణాలు అంటాం. హెరాయిన్ అయితే ఇవి సాధారణంగా మొదటి 24 గంటల్లో, మెథడోన్ అయితే రెండు మూడు రోజులకు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా మొదలవుతాయి. బిడ్డ సన్నని, కీచు గొంతుతో ఏడుస్తుంది. చేతులు, కాళ్లు వణుకుతాయి. నిద్ర పట్టదు. ఆత్రంగా చప్పరిస్తుంది కాని పాలు సరిగా తాగలేదు. వాంతులు, నీళ్ల విరేచనాలు, తుమ్ములు, ఆవలింతలు, చెమటలు ఉంటాయి. అరుదుగా ఫిట్స్ వస్తాయి. దీనినే నేటి వైద్యులు నియోనేటల్ ఆబ్స్టినెన్స్ సిండ్రోమ్ అంటారు.

ఇక్కడ ఒక మాట విషయంలో జాగ్రత్త పడాలి. పత్రికలు ఈ బిడ్డలను 'మత్తుకు బానిసలుగా పుట్టినవారు' అని రాస్తుంటాయి. అది తప్పు. వ్యసనం అంటే హాని అని తెలిసి కూడా మందును వెతుక్కుంటూ పోయే ప్రవర్తన. ఉయ్యాలలోని శిశువుకు అలాంటి ప్రవర్తన ఉండదు. శిశువుది కేవలం శరీరపు అలవాటు. పరీక్షల్లో ఈ తేడా రాయనివారిని చాలామందిని చూశాను కనుక గట్టిగా చెబుతున్నాను.

మౌనంగా ఉన్న ఆధారాలు

భారతీయ విద్యార్థికి ఈ విషయంలో మరో గందరగోళం ఎదురవుతుంది. మన దేశంలో శిశువులకు నల్లమందు ఇవ్వడం గురించి పుష్కలంగా ఆధారాలున్నాయి. 1893లో నియమించిన రాయల్ ఓపియం కమిషన్ ముందు ఎందరో సాక్షులు దీని గురించి చెప్పారు. రాజపుతానా, గుజరాత్, బొంబాయి ప్రాంతాల్లో ఇది మామూలు విషయంగా ఉండేది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు షిఫ్టుకు వెళ్లేముందు బిడ్డకు 'బాలగోలీ' అనే నల్లమందు మాత్ర వేసి పడుకోబెట్టేవారు. 1920ల మొదట్లో బొంబాయి ప్రభుత్వం స్త్రీ కార్మికుల ప్రసూతి పరిస్థితులపై విచారణ చేయించినప్పుడు, ఈ అలవాటు ఎంత విస్తారంగా ఉందో బయటపడింది. మన గోదావరి జిల్లాలో, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతంలో, జ్వరాలకు విరుగుడని నమ్మి నల్లమందు వాడేవారని బ్రిటిష్ అధికారులు రాశారు.

ఇదంతా బిడ్డ పుట్టిన తర్వాత ఇచ్చిన నల్లమందు. మన పాఠ్యాంశం పుట్టకముందు తల్లి ద్వారా చేరినది. రెండూ వేరు. అయినా ఈ రెండింటి మధ్య చరిత్రకారుడికి పనికొచ్చే లంకె ఒకటి ఉంది. ఇంట్లో ఏడ్చే బిడ్డకు నల్లమందు ఇవ్వడం మామూలైన చోట, విరమణ లక్షణాలతో ఏడ్చే బిడ్డకు కూడా అదే ఇస్తారు. బిడ్డ శాంతిస్తుంది. ఆ శాంతించడమే విచిత్రంగా సరైన వైద్యం అవుతుంది. ఎవరికీ జబ్బు కనిపించదు, కాగితం మీదకు ఏదీ ఎక్కదు. తల్లి ద్వారా నల్లమందు చేరిన శిశువుల గురించి మన పాత రికార్డుల్లో దాదాపు ఏమీ దొరకకపోవడానికి ఇదొక కారణమని నా ఊహ. ఊహ అనే అంటున్నాను. దస్తావేజుల్లో కనిపించనిది జరగలేదని మాత్రం అనుకోవద్దు.

ఇంగ్లండు, అమెరికాల పరిస్థితి కూడా వేరు కాదు. ఇంగ్లండు కార్మికవాడల్లో గాడ్‌ఫ్రేస్ కార్డియల్ అనే నల్లమందు పానకం ఉండేది. అమెరికాలో మిసెస్ విన్‌స్లోస్ సూదింగ్ సిరప్ ఉండేది. పళ్లు వచ్చే బిడ్డల కోసమని అమ్మిన ఆ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. 1906 నాటి ఆహార, ఔషధ చట్టం వచ్చేవరకు సీసా మీద ఆ సంగతి రాయాల్సిన అవసరం కూడా లేకపోయింది.

వైద్యుడి చీటీతో వచ్చిన అలవాటు

19వ శతాబ్దపు అమెరికాలో మార్ఫిన్‌కు అలవాటు పడినవారెవరు? సందుల్లో తిరిగే మగవారు అనుకుంటే పొరపాటు. చరిత్రకారుడు డేవిడ్ కోర్ట్‌రైట్ చూపినట్లు, వారిలో పెద్ద భాగం మధ్యతరగతి, ఉన్నత తరగతుల శ్వేతజాతి స్త్రీలు. నెలసరి నొప్పి, నరాల బలహీనత, నిద్రలేమి వంటి ప్రతి బాధకూ వైద్యులే మార్ఫిన్ రాసేవారు. 1853 తర్వాత చర్మం కిందికి మందు ఎక్కించే సూది ప్రచారంలోకి రావడంతో ఈ అలవాటు మరింత బలపడింది. మార్ఫిన్ వాడే స్త్రీలకు నెలసరి తప్పడం చూసి, వారికి పిల్లలు పుట్టరని చాలామంది వైద్యులు నమ్మేవారు. కాబట్టి ఇలాంటి తల్లులకు బిడ్డలు పుట్టినప్పుడు ఏం చేయాలన్న ఆలోచనే లేదు.

1875 నాటికి జర్మనీ వైద్య రచనల్లో 'పుట్టుకతో వచ్చిన మార్ఫిన్ స్థితి' అన్న భావం కనిపిస్తుంది. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డ ఒకటి రెండు రోజుల్లో వణుకుతూ, ఏడుస్తూ, ఫిట్స్‌తో చనిపోవడం వైద్యులు గమనించారు. శతాబ్దాంతానికి కొందరు అనుభవజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. అదే మార్ఫిన్‌ను అతి చిన్న మోతాదులో బిడ్డకు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ పోవడం. ఈ పద్ధతి మూలసూత్రం ఈనాటికీ మారలేదు. 1900 నాటికే తెలిసిన చికిత్స ఆ తర్వాత యాభై ఏళ్లపాటు ఎందుకు మూలపడిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

దీనికి జవాబు చట్టంలో దొరుకుతుంది. 1914 డిసెంబరులో అమెరికా హారిసన్ నార్కోటిక్స్ చట్టాన్ని చేసింది. పైకి చూస్తే అది పన్నులు, రిజిస్ట్రేషన్లకు సంబంధించిన చట్టం. కాని 1919లో వెబ్ కేసులో సుప్రీంకోర్టు, అలవాటున్న వ్యక్తికి కేవలం ఆ అలవాటు సాగేందుకు మందు రాసివ్వడం వైద్యం కాదని తేల్చింది. వైద్యులు అరెస్టు భయంతో తప్పుకున్నారు. అలవాటున్నవారికి మందు ఇచ్చిన క్లినిక్‌లు 1920ల మొదట్లో మూతపడ్డాయి. నిన్నటిదాకా రోగిగా ఉన్న స్త్రీ ఇప్పుడు నేరస్థురాలైంది. ఆమె ఇకపై కాన్పుకు వచ్చినా, వైద్యుడికి నిజం చెప్పదు. శిశువైద్యుడు, చరిత్రకారుడు అయిన స్టీఫెన్ కాండల్ 1996లో ప్రచురించిన 'సబ్‌స్టెన్స్ అండ్ షాడో' గ్రంథంలో ఈ మార్పును వివరంగా చర్చించాడు. వీలైతే చదవండి.

తల్లి దాచిపెట్టిన విషయాన్ని బిడ్డ శరీరం బయటపెడుతుంది. 20వ శతాబ్దం మధ్యలో జరిగినది ఇదే. 1947లో పెర్ల్‌స్టీన్ అనే వైద్యుడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక వ్యాసం రాస్తూ, పుట్టుకతో వచ్చే మార్ఫిన్ స్థితిని నవజాత శిశువుల్లో ఫిట్స్‌కు 'అరుదైన' కారణంగా పేర్కొన్నాడు. అది నిజంగా అరుదా, లేక అడగని ప్రశ్నకు దొరకని జవాబా అన్నది మీరే చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద నగరాల పేదవాడల్లోకి హెరాయిన్ ప్రవేశించింది. 1956లో, 1959లో న్యూయార్క్ వైద్యులు ప్రచురించిన వ్యాసాల్లో ఒకటి రెండు కేసులు కాక, పదుల సంఖ్యలో శిశువుల వివరాలున్నాయి. చికిత్స మాత్రం ఆసుపత్రికో తీరుగా ఉండేది. ఒకచోట పారెగోరిక్, అంటే కర్పూరం, ఆల్కహాలు కలిసిన నల్లమందు ద్రావణం. ఇంకోచోట ఫినోబార్బిటాల్. మరోచోట క్లోర్‌ప్రోమజైన్. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నదానికి కొలమానం లేదు. డ్యూటీలో ఉన్న డాక్టరు ఎవరైతే వారి అంచనాయే ప్రమాణం.

ఫిలడెల్ఫియా పట్టిక

1965లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్ అలవాటున్నవారికి రోజూ నోటి ద్వారా మెథడోన్ ఇచ్చి స్థిరపరచవచ్చని ప్రకటించారు. 1970ల మొదట్లో ఈ చికిత్స గర్భిణులకూ అందింది. 'గర్భవతి అయినప్పుడైనా పూర్తిగా మాన్పించక, మరో మందు ఇవ్వడమేమిటి?' అని మీరు అడగవచ్చు. హెరాయిన్ వాడకంలో శరీరంలోని మందు రోజులో పలుమార్లు పెరిగి పడిపోతుంది. ఆ ఒడిదుడుకులన్నీ కడుపులోని బిడ్డ కూడా పడుతుంది. హఠాత్తుగా మానితే చాలామంది తిరిగి మొదలుపెడతారు, అప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. మెథడోన్ రోజంతా ఒకే స్థాయిలో ఉంటుంది. అన్నింటికీ మించి, మందు కోసం క్లినిక్‌కు వచ్చే స్త్రీకి గర్భిణి పరీక్షలు కూడా జరుగుతాయి. నష్టం లేదని కాదు. మెథడోన్ తీసుకున్న తల్లుల బిడ్డల్లో విరమణ లక్షణాలు ఆలస్యంగా మొదలై, ఎక్కువ కాలం ఉంటాయి.

ఈ నేపథ్యంలోనే లొరెట్టా ఫిన్నెగన్ పేరు వస్తుంది. ఆమె ఫిలడెల్ఫియా జనరల్ హాస్పిటల్‌లో పనిచేసిన శిశువైద్యురాలు. అది నగరంలోని పేదలు వచ్చే ప్రభుత్వ ఆసుపత్రి. 1975లో ఆమె, సహచరులు ప్రచురించిన లెక్కింపు పట్టిక ఈ చరిత్రలో అతి ముఖ్యమైన పత్రం. దాని రూపం కొంచెం వివరంగా చూద్దాం. బిడ్డలో కనిపించే 21 లక్షణాలు వరుసగా ఉంటాయి. ప్రతిదానికీ తీవ్రతను బట్టి మార్కులు. కీచు గొంతుతో ఏడిస్తే 2, ఆపకుండా ఏడిస్తే 3. పాలు తాగాక గంటసేపైనా నిద్రపోకపోతే 3. మళ్లీమళ్లీ తుమ్మితే 1. ఫిట్స్ వస్తే 5. నర్సు మూడు నాలుగు గంటలకొకసారి బిడ్డను పరిశీలించి మొత్తం వేస్తుంది. వరుసగా 8 గాని అంతకుమించి గాని వస్తూ ఉంటే మందు మొదలుపెట్టాలి, తగ్గితే మోతాదు తగ్గించాలి.

దీని విలువను తక్కువ చేయకండి. అంతకుముందు బిడ్డ భవితవ్యం డాక్టరు ఇష్టాయిష్టాల మీద ఆధారపడేది. ఇప్పుడు రాత్రి డ్యూటీ నర్సుకు, పగటి డ్యూటీ నర్సుకు ఒకే భాష దొరికింది. అవసరంలేని బిడ్డకు మందు ఇవ్వకుండా, అవసరమైన బిడ్డను నిర్లక్ష్యం చేయకుండా కాపాడే సాధనం అది. ఒక్క తరంలోనే అది అమెరికా అంతటా, ఇతర దేశాల్లో కూడా వ్యాపించింది.

కాని పట్టిక ఎంత వ్యాపించిందో, దాని పుట్టినిల్లు అంతగా మరుగున పడింది. ఫిన్నెగన్ ఫిలడెల్ఫియాలో నడిపినది 'ఫ్యామిలీ సెంటర్' అనే కార్యక్రమం. అక్కడ మత్తుమందు అలవాటున్న గర్భిణులకు మెథడోన్, ప్రసూతి సంరక్షణ, సలహా, సామాజిక సహాయం ఒకేచోట అందేవి. తల్లితో మొదలై బిడ్డతో ముగిసే ఆ క్రమంలో పట్టిక ఒక భాగం మాత్రమే. దేశమంతా తీసుకున్నది ఆ ఒక్క కాగితాన్ని. కాగితాన్ని జిరాక్సు తీసుకోవడం తేలిక, క్లినిక్‌ను అలా తీసుకోలేం కదా!

ఆ పట్టికలో తల్లికి సంబంధించిన గడి ఒక్కటీ లేదు. ఉండనవసరం లేదు, అది బిడ్డ లక్షణాల పట్టిక. అయితే ఆచరణలో దాని పర్యవసానం గమనించండి. మార్కులు వేయాలంటే బిడ్డ నర్సు కళ్లముందు ఉండాలి. అంటే ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో. అక్కడ రాత్రింబవళ్లు లైట్లు, యంత్రాల మోతలు. విరమణ స్థితిలో ఉన్న బిడ్డ వెలుతురును, శబ్దాన్ని తట్టుకోలేదు. పరిశీలన కోసం బిడ్డను కదిలిస్తారు, బట్టలు విప్పుతారు. బిడ్డ ఏడుస్తుంది. ఏడిస్తే మార్కులు పెరుగుతాయి. మార్కులు పెరిగితే మార్ఫిన్ పెరుగుతుంది. పెంచిన మోతాదును మళ్లీ మెల్లగా దించాలి కాబట్టి మరికొన్ని వారాలు అక్కడే. తల్లి సందర్శకుల వేళల్లో వచ్చి అద్దం అవతల నిలబడి చూసి వెళ్తుంది.

(మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక కొలమానం తాను కొలుస్తున్న విషయాన్నే మార్చివేసిన సందర్భం మరొకటి మీకు తెలిసిన చరిత్ర నుంచి చెప్పండి. భారత జనగణనలో కులాల నమోదును గుర్తు తెచ్చుకోవచ్చు.)

న్యాయస్థానంలో తల్లి

1980లలో అమెరికాను కుదిపినది ఓపియాయిడ్ కాదు, కొకైన్. దాన్ని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం, అప్పుడు ఏర్పడిన భయం, చట్టాలు తర్వాత ఓపియాయిడ్ తల్లులకూ వర్తించడం. 'క్రాక్ బేబీలు' ఒక తరమంతా బుద్ధిమాంద్యంతో పెరుగుతారని పత్రికలు, టీవీ ప్రచారం చేశాయి. ఆ చిత్రాల్లో తల్లులు ఎక్కువగా నల్లజాతి స్త్రీలే. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి 1989 నుంచి గర్భిణుల మూత్రాన్ని పరీక్షించి ఫలితాలను పోలీసులకు అందించింది. కొందరు తల్లులను కాన్పు అయిన వెంటనే అరెస్టు చేశారు. 2001లో ఫెర్గూసన్ కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా పోలీసుల కోసం ఇలా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమంది. ఫిలడెల్ఫియాలో హాలమ్ హర్ట్ అనే శిశువైద్యురాలు 1989 నుంచి 1992 వరకు పుట్టిన పిల్లలను రెండు దశాబ్దాలకు పైగా అనుసరించి చూసింది. కొకైన్ సోకిన పిల్లలకు, అదే పేదవాడల్లో సోకని పిల్లలకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు గుంపులనూ వెనక్కి లాగినది పేదరికం.

1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర మార్కెట్లోకి వచ్చింది. తయారుచేసిన పర్డ్యూ ఫార్మా దాన్ని వైద్యుల వద్ద దూకుడుగా ప్రచారం చేసింది. 19వ శతాబ్దంలోలాగే మళ్లీ వైద్యుడి చీటీతోనే అలవాటు ఇళ్లలోకి వచ్చింది. అపలాచియన్ కొండ ప్రాంతాల గనుల ఊళ్లు, చిన్న పట్టణాలు బాగా దెబ్బతిన్నాయి. 2012లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం, విరమణ లక్షణాలతో పుట్టిన శిశువులు 2000లో ప్రతి 1,000 కాన్పులకు 1.20 మంది ఉండగా, 2009 నాటికి 3.39కి పెరిగారు. అంటే సుమారుగా గంటకొక బిడ్డ. సగటున ఒక్కొక్కరు 16 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

టెనెసీ రాష్ట్రం ఉదాహరణ చూడండి. 2013 నుంచి ఆ రాష్ట్రం ఈ స్థితిని తప్పనిసరిగా నమోదు చేయవలసిన ఆరోగ్య సమస్యగా ప్రకటించింది. మంచి ప్రజారోగ్య చర్య. మరుసటి ఏడాది, 2014లో, గర్భంలో మత్తుమందు వాడి బిడ్డకు హాని చేసిన తల్లిపై దాడి నేరం మోపవచ్చంటూ చట్టం చేసింది. చికిత్సలో చేరితే మినహాయింపు ఉందన్నారు. కాని గర్భిణులను చేర్చుకునే చికిత్సా కేంద్రాలే తక్కువ. భయపడి ప్రసూతి పరీక్షలకు రాకుండా దూరంగా ఉన్నవారి గురించి వైద్యులు హెచ్చరించారు. ఆ చట్టం గడువు 2016లో తీరిపోయింది, శాసనసభ పొడిగించలేదు. నమోదు, శిక్ష అనేవి ఒకే రాష్ట్రంలో రెండేళ్లు పక్కపక్కనే నడిచాయి. ఒకదానికి తల్లి నిజం చెప్పాలి, రెండోదానివల్ల ఆమె నిజం చెప్పలేదు.

మళ్లీ తల్లి పక్కన

మందుల విషయంలో జరిగిన ప్రగతిని క్లుప్తంగా చెబుతాను. 2010లో ప్రచురితమైన 'మదర్' అనే ప్రయోగంలో 175 మంది గర్భిణులు చేరారు. బుప్రెనార్ఫిన్ తీసుకున్న తల్లుల బిడ్డలకు, మెథడోన్ తల్లుల బిడ్డలకంటే 89 శాతం తక్కువ మార్ఫిన్ సరిపోయింది. ఆసుపత్రిలో గడిపిన కాలం కూడా తగ్గింది. ముఖ్యమైన ఫలితమే. అయితే ఆ ప్రయోగంలోనే బుప్రెనార్ఫిన్ మొదలుపెట్టి మధ్యలో మానేసిన స్త్రీలు ఎక్కువగా ఉన్నారు. అందరికీ ఒకే మందు పనికిరాదని దానివల్ల తెలిసింది.

అసలు మలుపు మందుల గదిలో రాలేదు. కెనడాలోని వాంకూవర్‌లో 2003లో ఫిర్ స్క్వేర్ అనే విభాగం మొదలైంది. అక్కడ తల్లి, బిడ్డ ఒకే గదిలో ఉంటారు. వైద్యుడు రాన్ అబ్రహామ్స్, సహచరులు 2007లో రాసినదాని ప్రకారం, తల్లి పక్కన ఉన్న బిడ్డలకు మందు అవసరం తగ్గింది, ఎక్కువమంది తల్లులు బిడ్డను తమతోనే ఇంటికి తీసుకెళ్లగలిగారు. అమెరికాలో యేల్ వైద్యుడు మాథ్యూ గ్రాస్‌మన్, అతని బృందం కొన్నేళ్లపాటు ఒక్కొక్క అలవాటునే మార్చుతూ పోయారు. బిడ్డను ఇంటెన్సివ్ కేర్ నుంచి తల్లి ఉండగల మామూలు గదికి మార్చారు. లైట్లు తగ్గించారు. ఆకలైనప్పుడల్లా పాలు ఇమ్మన్నారు. నిషిద్ధ కారణాలు లేని తల్లులను చనుబాలు ఇవ్వమని ప్రోత్సహించారు. మెథడోన్, బుప్రెనార్ఫిన్ తీసుకునే తల్లి పాలలోకి వెళ్లే మందు అతి స్వల్పం. 21 లక్షణాల పట్టికను పక్కనపెట్టి మూడే ప్రశ్నలు వేశారు. బిడ్డ ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్ల దాకా పాలు తాగుతోందా? కదిలించకుండా గంటసేపు నిద్రపోతోందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఓదార్చగలుగుతున్నామా? మూడింటికీ అవును అంటే మార్ఫిన్ అక్కర్లేదు. తుమ్ములు లెక్కపెట్టనవసరం లేదు.

2017లో ప్రచురించిన ఫలితాలివి: సగటు ఆసుపత్రి వాసం 22.4 రోజుల నుంచి 5.9 రోజులకు దిగింది. మార్ఫిన్ ఇవ్వవలసి వచ్చిన శిశువులు 98 శాతం నుంచి 14 శాతానికి తగ్గారు. ఒక్కో బిడ్డ ఖర్చు సుమారు 44,800 డాలర్ల నుంచి 10,300 డాలర్లకు పడిపోయింది. ఒక ఆసుపత్రి అనుభవం చాలదన్నవారికి 2023లో జవాబు వచ్చింది. 26 ఆసుపత్రుల్లో 1,305 మంది శిశువులతో జరిపిన ప్రయోగంలో, కొత్త పద్ధతిలో బిడ్డ ఇంటికి వెళ్లడానికి సిద్ధమవడానికి సగటున 8.2 రోజులు, పాత పద్ధతిలో 14.9 రోజులు పట్టాయి. మందు అవసరమైనవారు 52 శాతానికి బదులు 19.5 శాతం.

ఇది చదివిన మీలో కొందరు, 'బాలింత పక్కలో బిడ్డ ఉండటం మనకు ఎప్పటి నుంచో తెలిసిందే' అనవచ్చు. ఆ గర్వం విషయంలో కొంచెం ఆగుదాం. బిడ్డను పక్కలో ఉంచుకున్న ఇళ్లలోనే పనికి పోతూ బాలగోలీ వేసిన తల్లులూ ఉన్నారు. వారికి పక్కలో ఉండే వెసులుబాటు మిల్లు ఇవ్వలేదు. అమెరికాలోనూ ఈ ఇబ్బంది ఇప్పటికీ తీరలేదు. వేతనంతో కూడిన ప్రసూతి సెలవు లేని ఉద్యోగం, ఇంట్లో మరో ఇద్దరు పిల్లలు, రోజూ ఉదయం మెథడోన్ కోసం దూరపు క్లినిక్‌కు ప్రయాణం. ఇవన్నీ ఉన్న తల్లి ఎనిమిది రోజులు ఆసుపత్రి గదిలో ఉండలేదు. జైల్లో ఉన్న తల్లి సంగతి చెప్పనక్కరలేదు. కొన్ని ఆసుపత్రులు బిడ్డలను ఎత్తుకుని ఊరడించడానికి స్వచ్ఛంద సేవకులను పెట్టుకున్నాయి. తల్లి రాలేని గంటల్లో అది మేలే.

బిడ్డ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చే రోజున మరో కాగితం సిద్ధంగా ఉంటుంది. 2003లో సవరించిన సమాఖ్య బాలల రక్షణ చట్టం ప్రకారం, విరమణ లక్షణాలతో పుట్టిన బిడ్డల గురించి ఆసుపత్రులు బాలల సంక్షేమ శాఖకు తెలియజేయాలి. 2016 నుంచి ప్రతి బిడ్డకూ, తల్లికీ కలిపి ఒక 'సురక్షిత సంరక్షణ ప్రణాళిక' రాయాలి. ఆ సమాచారం సహాయానికా, విచారణకా అన్నది రాష్ట్రాలకు వదిలేశారు. సుమారు సగం రాష్ట్రాల చట్టాలు గర్భంలో మత్తుమందు వాడకాన్ని శిశువుపై దౌర్జన్యంగానే పరిగణిస్తున్నాయి. కొన్నిచోట్ల, వైద్యుడు చెప్పినట్లు బుప్రెనార్ఫిన్ తీసుకుంటూ ఒక్క రోజు కూడా తప్పని తల్లి పేరు కూడా ఆ కాగితంలో చేరుతుంది. అంతకుముందు రోజు వరకు నర్సులు ఆమెను, 'బిడ్డకు మందు నువ్వేనమ్మా, ఎక్కడికీ వెళ్లకు' అని గదిలో కూర్చోబెట్టి ఉంటారు.